దుమ్ముపెట్టెను తుడిచినామె

ఆమె పోయిందని ఆమె మరిది ఫోన్ చేసినప్పుడు నేను బళ్ళారి గాంధీనగర్‌లో మా ఇంటి ముందు స్కూటర్ తుడుచుకుంటున్నాను. "వదిన పాయప్పా," అన్నాడు. ఫోన్ పెట్టేశాక చేతిలోని గుడ్డ వైపు చూస్తే నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయిందన్న కబురు విని కోపం తెచ్చుకునేవాడు ఎవడైనా ఉంటాడా అంటే, ఉంటాడు. ఆ ఎండాకాలమంతా ఆమె చేతిలో నేను పడ్డ తిప్పలు పడి ఉంటే మీరైనా ముందు కోప్పడి, తర్వాతే ఏడుస్తారు.

బళ్ళారి చుట్టుపక్కల కొండలన్నీ ఇనుపరాయి కోసం తవ్వుడుపడి టిప్పర్లెక్కి పోతున్న రోజులవి. నిన్నటిదాకా మిరప, పత్తి పండించినవాళ్ళు ఒక టిప్పరు కొని, దాని మీద ఇంకొకటి కొని, పంచె మానేసి ప్యాంటు తొడిగారు. రోడ్డు, తుమ్మచెట్లు, బర్రెలు, హోటల్లో బొరుగుల వగ్గాణి, అన్నిటిదీ ఒకే ఎర్రరంగు. కొత్తగా ఎవరైనా కొండ తవ్వాలంటే ముందు ఆ చోట గాలి ఎట్లుంది, నీళ్ళెట్లున్నాయి, చప్పుడెంతుంది అని ఒక కాలమంతా కొలిచి రాసివ్వాలి. రేపు ఏం చెడిందో తేలాలంటే ఈరోజు ఏముందో తెలియాలి కదా. అట్లా కొలిచిపెట్టే ఒక చిన్న కంపెనీలో నేను కెమిస్టును. జీపు, సీసాలు, సంచిలో రొట్టె, ఇదీ నా ఉద్యోగం.

ఆమె ఊరు కొండ కిందనే ఉంటుంది. పేరు ఎందుకులెండి. ఊరి అంచున, టిప్పర్ల రోడ్డుకు ఆనుకుని ఆమె మిద్దె ఇల్లు. గాలి కొండ మీంచి నేరుగా వచ్చి తగిలేది ఆ మిద్దెకే. కాబట్టి దుమ్ము కొలిచే మిషన్ అక్కడే పెట్టాలని తేల్చాం. అది పావురాల గూడంత రేకు పెట్టె. లోపల ఒక తెల్ల కాగితం బిగిస్తాం. మిషన్ గాలిని ఆ కాగితంలోంచి లాగుతుంది, దుమ్ము కాగితం మీద నిలుస్తుంది. ముందు తూచి, తర్వాత తూచి, తేడా చూస్తే ఎంత దుమ్మో తెలుస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని దుమ్ముపెట్టె అనేవాళ్ళు. అంత చక్కని పేరు మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

ఆమెను మీరు చూసి ఉంటే మొదట కనిపించేది కొంగే. అందరి కొంగూ భుజం మీద ఉంటుంది, ఆమెది చేతిలో ఉండేది. పొడవాటి మనిషి, బక్కపలచన, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో ఒకటి తుడుస్తుండేది. లోటా ఇచ్చేముందు లోపలా బయటా తుడిచేది. కుర్చీ వేసి తుడిచేది, మనం లేచాక మళ్ళీ తుడిచేది. మా జీపు అద్దం తుడిచేది. ఒకసారి మాట మధ్యలో నా భుజం కూడా తుడిచింది. ఎందుకమ్మా అంటే ఒకటే జవాబు. "దుమ్ముతో ఉంటే చూసినోళ్ళు ఏమనుకుంటారప్పా?"

చూసేవాళ్ళు ఎవరో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ రోడ్డున పోయేది టిప్పర్లే. వాళ్ళ కళ్ళల్లోనూ దుమ్మే.

మిషన్ మిద్దె మీదికి ఎక్కించిన రోజే మొదలైంది. నేను వైరు వెతుక్కునేలోగా ఆమె తడిగుడ్డతో పెట్టెనంతా తుడిచేసింది.

"కొత్తదమ్మా ఇది," అన్నాను.

"కొత్తదైతే ఏమాయ. వచ్చే దావలో దుమ్ము పడింటుంది గదా."

సరే, ముచ్చట పడిందిలే అనుకున్నాను. తర్వాత కాగితం తీసి చూస్తే తెల్లగా ఉంది. పగలంతా టిప్పర్లు వరసగా పోయిన రోడ్డు పక్కన, తెల్లగా. మిషన్ చెడిందేమోనని విప్పి చూశాను, బాగానే ఉంది. ఇంకో కాగితం బిగించాను. అదీ తెల్లగానే వచ్చింది. నాకేదో అనుమానం తగిలి, ఆ పైసారి చెప్పకుండా ముందే వెళ్ళాను. మిద్దె ఎక్కి చూస్తే పెట్టె కనపడలేదు. దాని మీద ఒక పాత నూలు చీర మూడు మడతలు వేసి కప్పి ఉంది. లోపల మిషన్ ఊపిరాడక మూలుగుతోంది. మిద్దె అంతా నీళ్ళు చల్లి, చల్లగా, పెళ్ళింటి ముంగిలి మాదిరి ఉంది.

"ఏందమ్మా ఇది?"

"ఎండకి కాగిపోతాండె పాపం. దుమ్ము కూడా పడతాండె. అందుకే కప్పితి."

"అమ్మా, దుమ్ము పడాలనే పెట్టింది. దీని తిండే దుమ్ము."

ఆమె నన్ను జాలిగా చూసింది. "మా ఇంటికొచ్చినదానికి దుమ్ము తిండి పెట్టాల్నా?" అంది.

ఆ చీర తీసేసి, చేతులు జోడించి, "తుడవాకమ్మా. కప్పాకమ్మా. నీళ్ళు చల్లాకమ్మా. దాన్ని దాని మానాన ఉండనియ్యి," అన్నాను. సరేలేప్పా అంది. ఆ సరేలేప్పా విలువ నాకు తర్వాత తెలిసింది.

బావి నీళ్ళు పట్టడానికి పోతే ఇంకో కథ. కొండ కింద ఆమెకు కొంత చేను, అందులో ఒక బావి. వాళ్ళాయన బతికున్నప్పుడు తవ్వించింది. గని రావాల్సింది సరిగ్గా ఆ బావికి పైనున్న వాలులో. ఊట కొండలోంచే వస్తుంది కాబట్టి ఆ నీళ్ళు ఎట్లున్నాయో రాసిపెట్టడం ముఖ్యం. నేను సీసా కడిగి తెచ్చేసరికి ఆమె బిందెలో నీళ్ళు సిద్ధంగా పెట్టింది. తేటగా, అద్దం మాదిరి. నాకు ముచ్చటేసింది. బిందె మూతికి కట్టిన తెల్లగుడ్డ అప్పుడు చూశాను. గుడ్డంతా ఎర్రగా ఉంది.

"వడపోసినావా అమ్మా?"

"మురికి నీళ్ళు ఎట్లిస్తామప్పా ఎవురికైనా? మూడుసార్లు పోస్తి."

నేను బావి గట్టు మీద కూలబడ్డాను.

చప్పుడు కొలిచే రోజైతే చెప్పనే అక్కర్లేదు. చిన్న మీటరు పట్టుకుని ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. చూస్తే ఒక్క టిప్పరూ రావడం లేదు. మలుపు దాకా నడిచి చూస్తే, ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడి, కొంగు విసురుతూ టిప్పర్లను ఆపేసింది. బళ్ళు బారులు తీరి ఉన్నాయి. "సారు మిషన్ పెట్టుకోనుండాడు, సద్దు చేయాకండి, స్వల్ప నిదానించండి," అని డ్రైవర్లకు చెబుతోంది. వాళ్ళు ఇంజన్లు ఆపేసి బీడీలు ముట్టించుకున్నారు. ముందు బండి ఆమె మరిదిదే. అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

మరిది గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయనకు రెండు టిప్పర్లు. మూడోది కొనాలంటే ఈ కొత్త గని రావాలి. గని వస్తే ఊరు బాగుపడుతుందని అందరికీ చెప్పేవాడు. వదిన ముందు మాత్రం గొంతు తగ్గించేవాడు. ఆమెకు గని వద్దు. బావి పోతుందని ఆమెకు తెలుసు. "ఆ ఊట ఆగితే నేను యాడికి పోవాల?" అని నన్ను అడిగేది. అడుగుతూ అడుగుతూనే నా పెట్టెను తుడిచేది.

ఒక్క ఆమేనా అంటే, ఊరూ ఊరే అట్లుండేది. ఎవరికైనా దగ్గు, ఆయాసం ఉన్నాయా అని ఇంటింటికీ తిరిగి అడిగితే, దగ్గుతూ దగ్గుతూ మాకేం లేదు సార్ అనేవాళ్ళు. బయటివాడి ముందు ఊరిని తక్కువ చేసి చెప్పకూడదు. దగ్గే ఊరికి పిల్లనెవరిస్తారు? వచ్చినవాడు ఏమి కొలవడానికి వచ్చినా సరే, వాళ్ళ లెక్కలో అది పెళ్ళిచూపులే. మంచి దుప్పటి పరచాల్సిందే. ఈ మాట మా హెడ్డాఫీసులో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.

చివరికి ఒకరోజు నేను అరిచాను. ఆరోజు ఆమె పెట్టె మూత తీసి, లోపలి కాగితాన్నే కోడిఈకతో మెత్తగా విదిలించింది. "ఎర్రగా అయిపోయిందప్పా, సాఫ్ చేస్తి," అని మెచ్చుకోలు కోసం నిలబడింది. పెరట్లో బర్రెను కడుగుతున్న ఆమె కోడలు నా అరుపు విని చెంబు వదిలేసింది.

"ఇది తెల్లగుంటే ఏమంటారో తెలుసునా నీకు?" అన్నాను. "ఈడ గాలి బాగుండాది, ఇంకో గని పెట్టొచ్చు అంటారు. ఎర్రగుంటే, ఈడ ఇప్పటికే హద్దు దాటిందే, ఇంకోటి ఎట్లిచ్చేది అంటారు. నువ్వు తుడిచేది దుమ్ము కాదమ్మా, నీ బావిని."

ఆమె చేతిలో కోడిఈక అట్లాగే ఉండిపోయింది. "ఇంత మాట ముందే చెప్పకూడదా?" అంది. ముందే కాదు, రోజూ చెప్పాను. ఎవరితో చెప్పుకోను?

"ఇంక తుడవను," అంది. ఆ పైసారి వెళితే మళ్ళీ తుడిచే ఉంది. నన్ను చూడగానే తల వంచుకుంది. "చేయి ఊరికే పోతాదప్పా. నేనేం చేసేది?"

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. పెట్టె నడిచినంతసేపూ నేను కదలకుండా అక్కడే ఉంటాను, ఆమె కూడా పక్కనే కూర్చుంటుంది, ఏమీ ముట్టుకోదు. ఆ పగలు నాకు బాగా గుర్తు. నీళ్ళట్యాంకు నీడలో ఇద్దరం కూర్చున్నాం. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. టిప్పరు పోయినప్పుడల్లా ఎర్రటి మబ్బు లేచి మిద్దె మీదికి వచ్చి, పిట్టగోడ మీద, ఆరబెట్టిన మిరపకాయల మీద, పెట్టె మీద, మా ఇద్దరి మీద దిగేది. ఆమె కళ్ళు ఆ పెట్టెనే చూస్తుండేవి. ఒకసారి కుడిచేయి బయటికొచ్చింది. "అమ్మా," అన్నాను. మళ్ళీ లోపలికి పోయింది. అన్నం కూడా కోడలే పైకి తెచ్చి పెట్టింది. పళ్ళెం తుడవకుండా తినలేక ఆమె సగం వదిలేసింది.

కాగితం తీశాను. ఇటుకపొడి పూసినట్టుంది. ఆమె దగ్గరికొచ్చి చూసింది. తన రోడ్డు, తన కొండ, తన దుమ్మే. అయినా అట్లా ఒకచోట కుప్పగా ఎప్పుడూ చూడలేదనుకుంటాను.

"ఇదాప్పా మేము పీల్చేది?"

"ఇదేనమ్మా."

"మూసెయ్యప్పా దాన్ని. ఎవురన్నా చూస్తారు." మళ్ళీ తనే, "కాగితం తీసుకోని పో. మా ఇల్లని మాత్రం రాయాకు. ఇంత దుమ్ములో కాపరం చేస్తాండాదా అనుకుంటారు," అంది.

నా తల ఏ గోడకు కొట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఎర్రకాగితం ఒక్కటే నిజమైందని, మిగతావి పనికిరావని, మళ్ళీ కొలవాలని హెడ్డాఫీసుకు రాశాను. అక్కడ కూర్చున్న పెద్దమనిషి నాకంటే తెలివైనవాడు. ఇన్ని తెల్లగా వచ్చి ఒక్కటి ఎర్రగా వస్తే, తప్పు ఆ ఒక్కదానిదే అన్నాడు. ఎర్రది తీసేసి తెల్లవన్నీ రిపోర్టులో వేశాడు. వాటిలో ఒకటి చీర కింద మూలిగింది, ఒకటి కోడిఈకతో విదిలించింది. ఫోన్లో అరుచుకున్నాం. నా అరుపు ఆ ఎండాకాలంలో ఎవరి మీద పని చేసింది గనుక.

గనికి అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్ళ మాట వినాలి కదా, అందుకని బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. ఆరోజు ఊరికి పోతుంటే నా కళ్ళను నేనే నమ్మలేదు. తెల్లవారుజాము నుంచి గని కంపెనీ ట్యాంకరు రోడ్డు మీద నీళ్ళు చల్లుతూ తిరుగుతోందట. టిప్పర్లన్నీ ఆపేశారు. తుమ్మాకులు కూడా కడిగినట్టు పచ్చగా ఉన్నాయి. ఈ రోగం ఆమె ఒక్కదానికే అనుకున్నాను, కంపెనీకీ ఉందన్నమాట.

సభ నడిపే అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. కళ్ళద్దాలు, నిదానమైన కన్నడం. ఊరివాళ్ళు ఒక్కొక్కరూ లేచి ఉద్యోగాలడిగారు, రోడ్డడిగారు. ఆమె లేచింది. ధూళి జాస్తి అయిపోయింది సార్, ఇంకో గని వద్దు, నా బావి పోతుంది అని కన్నడంలోనే చెప్పింది. ఆయన రిపోర్టు తిప్పి, వేలు పెట్టి చూసి, "ఎల్లిదె అమ్మా ధూళి?" అన్నాడు. దుమ్మెక్కడుందమ్మా, ఈ చుట్టుపక్కల అన్నిటికంటే మంచి గాలి మీ మిద్దె మీదే ఉందని రాశారే అని చదివి వినిపించాడు. వెనక ఎవరో నవ్వారు. నేను కంపెనీవాళ్ళ బెంచీ చివర కూర్చుని, లేద్దామా వద్దా అని సగం లేచాను.

ఆమె నా వైపు చూడనేలేదు. "ఈడ మాట్లాడితే ఏం తెలుస్తాది సార్," అంది. "మా ఇల్లు పక్కనే. ఎండగా ఉండాది. కాఫీ తాగిపోదురు రండి."

పిలిచిన తీరుకు కాదనలేక అధికారి లేచాడు. ఆయన వెంట మేమంతా. గడపలో అడుగు పెట్టగానే నేను ఆగిపోయాను. ఇల్లంతా ఎర్రగా ఉంది. బండల మీద పాదాల గుర్తులు పడుతున్నాయి. దేవుడి పటాల్లో దేవుళ్ళు కనపడటం లేదు. వాళ్ళాయన ఫొటో మీద కూడా దుమ్మే. అంతకు వారం ముందే సభ కోసం పంచాయతీకి వచ్చిన రిపోర్టును మరిది సంబరంగా చదివి వినిపించాడట, "మన మిద్దె గాలే నంబరు వన్ అంట వదినా," అని. ఆమె ఆ పొద్దు నుంచి చీపురు పట్టలేదు, కోడలిని పట్టనివ్వలేదు. ఇదంతా కోడలు తర్వాత చెప్పింది.

మరిదికి పాపం తల కొట్టేసినట్టయింది. వదిన ఇంట్లో ఇట్లాంటిది అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి అధికారికి కుర్చీ దులపబోయాడు.

"తుడవాకు," అంది ఆమె.

అతని చేయి ఆగిపోయింది. ఆ ఎండాకాలమంతా నేను గొంతు పోయేలా అరిచిన మాట ఆమె నోట్లోంచి అంత నెమ్మదిగా వచ్చింది.

ఆమె లోపలికి పోయి పళ్ళెంలో కాఫీ లోటాలు పెట్టుకుని వచ్చింది. ఒక్కదాన్నీ తుడవలేదు. అంచుల మీద ఎర్రగా పొర. కాఫీ మీద కూడా సన్నగా తెట్టు. పళ్ళేన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అధికారి ముందు నిలబడింది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఒక చేయి వదిలితే అది కొంగు దగ్గరికి పోతుందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

ఆయన లోటాలోకి చూశాడు. దినమూ ఇంత వస్తుందా అని అడిగాడు.

"దినమూ వస్తాది సార్. దినమూ తుడుస్తా. మీ పెట్టెని కూడా నేనే తుడిస్తి, దినమూ. అందుకే బాగుండాదని రాసుకునిరి." అంతమంది ముందు, మరిది ముందు, నవ్వినవాడి ముందు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం పట్టుకున్న చేతులు తీయలేక వాటినీ తుడుచుకోలేదు.

ఆయన కాఫీ తాగలేదు. ఎవరం తాగలేదు. ఎట్లా తాగుతాం? లోటా తిరిగి పళ్ళెంలో పెట్టి, నా వైపు తిరిగి, ఏమయ్యా నిజమేనా అన్నాడు. నిజమే సార్, అసలు కాగితం నా దగ్గరుంది అన్నాను. ఇంకో సంస్థతో, కంపెనీకి ముందుగా చెప్పకుండా, మళ్ళీ కొలిపించమని ఆయన రాసిపోయాడు. కొలిచారు. ఆ వాలులో గనికి అనుమతి రాలేదు. మరిది మూడో టిప్పరు కొనలేదు. బావిలో ఊట ఆగలేదు.

ఇక్కడితో అయిపోతే ఆమె ఆమె ఎందుకవుతుంది? ఆ తర్వాత నేను ఎప్పుడు ఆ దారిన పోయినా పిలిచి కూర్చోబెట్టేది. బావి గురించి ఒక్క మాట లేదు. గెలిచామన్న మాట లేదు. "ఆయప్ప కనపడినాడాప్పా?" అని అడిగేది.

"ఏ ఆయప్ప?"

"అదే, ఆఫీసరు. నా చేతి కాఫీ తాక్కుండా పాయగదా. ఎంత పాడు ఇల్లు అనుకోనింటాడో. ఒక్కసారి పిల్చుకోని రాప్పా. శుభ్రంగా కాఫీ ఇస్తా."

"అమ్మా, ఆయన బదిలీ అయిపాయ. నీ బావి నిలిచింది ఆ కాఫీతోనే."

"అది సరేలేప్పా," అనేది. ఆ సరేలేప్పాకు విలువేమిటో మీకిప్పుడు తెలుసు. మళ్ళీ పోయినప్పుడు మళ్ళీ అదే. ఎన్నేళ్ళని చెప్పను? చివరికి నేను ఆ రోడ్డున పోవాలంటేనే విసుక్కునేవాణ్ణి. విసుక్కుంటూనే పోయేవాణ్ణి.

దినాల రోజు పోయాను. రోడ్డు అదే, దుమ్ము అదే. ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. మరిది అరుగు మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని, నన్ను చూసి పక్కకు జరిగాడు. భోజనాలయ్యాక కోడలు వంటింట్లో పైఅర మీంచి కొత్త స్టీలు లోటాలు దించింది. అంత మెరిసే లోటాలు ఆ ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు.

"ఆ ఆఫీసరు వస్తే ఇయ్యాలని అత్త తెచ్చిపెట్టిండెన్నా," అంది. "దినమూ దించి తుడిచి, మళ్ళా పైన పెడతాండె. ఇంక ఎవురికని దాచేది?"

కాఫీ పోయబోతూ, అంత మెరిసే లోటాను కూడా కొంగుతో లోపలా బయటా తుడవడం మొదలుపెట్టింది. తుడవాకమ్మా అన్న మాట అలవాటుగా నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. తీరిగ్గా తుడవనిచ్చి, లోటా అందుకుని, అడుగు కనపడేదాకా తాగాను.